పేర్లు చెరిపేశాక ప్రొఫైల్‌ను తిట్టి లాభం లేదు

సంపాదకులకు నమస్కారం.

ఎచ్చెర్ల నుంచి విజయనగరం దాకా ఇంజనీరింగ్ విద్యార్థులు సీ, సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాము ఎక్కడ నెమ్మదిస్తోందో చూడ్డానికి లినక్స్‌లో పెర్ఫ్ అనే ప్రొఫైలింగ్ (వేగం కొలిచే) పనిముట్టు నడుపుతుంటారు. రిపోర్టులో ఫంక్షన్ పేర్ల బదులు సున్నా ఎక్స్‌తో మొదలయ్యే అడ్రసులో, ‘అన్‌నోన్’ అన్న మాటో వస్తే పెర్ఫ్ పాడైందనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం దండగ. కొలత చాలావరకు సరిగానే ఉంటుంది. ఓటర్ల జాబితాలో ఇంటి నంబర్లు ఉంచి పేర్లు కొట్టేసినట్టు, అడ్రసు ఉంది, దాని పేరే లేదు.

ముందు ఆ ప్రోగ్రాము మీద ‘ఫైల్’ కమాండ్ నడపాలి. చివర ‘నాట్’ లేకుండా ‘స్ట్రిప్డ్’ అని వస్తే సింబల్ టేబుల్ (ఏ అడ్రసు ఏ ఫంక్షన్‌దో చెప్పే పట్టిక) పోయినట్టే. ఆ పట్టికను చూపే ‘ఎన్ఎం’ కమాండ్ కూడా ‘నో సింబల్స్’ అంటుంది. మేక్‌ఫైల్‌లో (ప్రోగ్రామును ఎలా కట్టాలో చెప్పే ఫైలు) లింకు వరుసన పేర్లు తీసేసే మైనస్ ఎస్ ఆప్షన్ ఉందేమో, ఇన్‌స్టాల్ దశలో స్ట్రిప్ జరుగుతోందేమో చూడాలి. కంపైల్ చేసేటప్పుడు డీబగ్ సమాచారం చేర్చే మైనస్ జి ఆప్షన్ పెట్టనందువల్లే పేర్లు రాలేదని చాలామంది అంటారు, అది తప్పు. స్ట్రిప్ చేయకపోతే మైనస్ జి లేకున్నా ఫంక్షన్ పేర్లుంటాయి. లైన్ నంబర్లు, ఇన్‌లైన్ అయిన ఫంక్షన్ల ఆచూకీ కావాలంటేనే అది తప్పనిసరి.

పేర్లు కనిపిస్తూనే ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచిందో ఆ వరుస తెగిపోతుంటే గొడవ వేరు. ఆప్టిమైజేషన్ పెడితే జీసీసీ కంపైలర్ మామూలుగా ఫ్రేమ్ పాయింటర్‌ను (పిలుపుల వరుసను వెనక్కి పట్టుకునే ఆధారాన్ని) వదిలేస్తుంది. ‘ఎఫ్ నో ఒమిట్ ఫ్రేమ్ పాయింటర్’ ఆప్షన్‌తో మళ్లీ కంపైల్ చేయాలి, వాడే సొంత లైబ్రరీలను కూడా. అది కుదరకపోతే రికార్డ్ చేసేటప్పుడు కాల్ గ్రాఫ్‌కు (పిలుపుల వరుసకు) ‘డ్వార్ఫ్’ పద్ధతి ఎంచుకోవచ్చు. మామూలుగా ఒక్కో శాంపిల్‌కు (ఒక్కసారి తీసే కొలతకు) 8192 బైట్ల వరకు స్టాక్‌ను (పిలుపుల వివరాలుండే మెమరీని) కాపీ చేస్తుంది కనుక డేటా ఫైలు ఇట్టే ఉబ్బుతుంది. లోతైన రికర్షన్ అయితే అక్కడా మధ్యలో తెగుతుంది.

రికార్డ్ చేశాక కోడ్‌నో ఆప్షన్లనో మార్చి ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేస్తే బిల్డ్ ఐడీ (ఆ ఫైలును గుర్తుపట్టే సంఖ్య) మారిపోతుంది, పాత కొలత కొత్త ఫైలుకు అతకదు. మళ్లీ రికార్డ్ చేయడమే మేలు. కెర్నల్ (లినక్స్ మూల భాగం) ఫంక్షన్ల పేర్లు మాత్రమే రాకపోతే, కెర్నల్ అడ్రసులను దాచే ‘కేపీటీఆర్ రిస్ట్రిక్ట్’ సెట్టింగ్ విలువ చూడండి. సొంత యంత్రమైతే దాన్ని కాసేపు 0 చేసి, పనయ్యాక పాత విలువే పెట్టేయాలి.

పేర్లన్నీ కనబడతాయని ఓ0తో (ఆప్టిమైజేషన్ లేకుండా) కంపైల్ చేయమనే సలహా మాత్రం అసలు పనికిరాదు. అప్పుడు కొలిచేది వేరే ప్రోగ్రామును. మైనస్ జి వల్ల ఫైలు పెద్దదవుతుందే గానీ వేగం తగ్గదు. కనుక ల్యాబ్ మాన్యువల్స్‌లో కంపైల్ వరుసను ఓ2 (ఆప్టిమైజేషన్ ఆప్షన్), మైనస్ జి, ఫ్రేమ్ పాయింటర్ ఆప్షన్ మూడూ కలిపి అచ్చువేయాలని అధ్యాపకులను కోరుతున్నాను. సీమేక్ అనే బిల్డ్ పనిముట్టు వాడేవారు ‘రిలీజ్’ బదులు ‘రెల్‌విత్‌డెబ్‌ఇన్ఫో’ ఎంచుకుని, ఫ్రేమ్ పాయింటర్ ఆప్షన్‌ను విడిగా చేర్చుకోవాలి. సైజు తగ్గించి ఇవ్వాల్సి వస్తే నకలును స్ట్రిప్ చేసి ఇచ్చి, అసలును దాచుకోండి; రెండింటి బిల్డ్ ఐడీ ఒకటే ఉంటుంది.

– ఒక పాఠకుడు, విజయనగరం