నీ మడమ నొప్పి గురించి

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. ఎక్స్‌రేలో మడమ ఎముక పెరిగినట్టు కనిపించిందని, ఆపరేషన్ చేసి అది తీసేస్తే తప్ప ఈ నొప్పి పోదేమోనని భయపడుతున్నావు. ఫోన్లో మాట్లాడితే కంగారులో సగం మాటలు జారిపోతాయి, అందుకే రాస్తున్నాను. ఇదే నొప్పితో నేనూ చాలాకాలం గడిపాను. నువ్వు చెప్పినవన్నీ నాకు అనుభవమే.

ముందు ఆ ఎముక సంగతి. మడమ కింద ముల్లులా పొడుచుకొచ్చిన ఆ ఎముక, ఏ నొప్పీ లేనివాళ్ల ఎక్స్‌రేల్లోనూ కనిపిస్తుంది. నొప్పితో అల్లాడేవాళ్లలో కొందరికి అది అసలు ఉండదు. నాకు నొప్పి తగ్గిపోయి ఏళ్లు గడిచాయి, ఆ ఎముక మాత్రం ఉన్నచోటే ఉంది. కాబట్టి ఆ ఫిల్మ్ చూసి బెంగ పెట్టుకోకు. నిన్ను బాధపెడుతున్నది ఎముక కాదు, దాన్ని ఆనుకుని మొదలయ్యే పట్టీ.

మడమ ఎముక అడుగున, లోపలి వైపు నుంచి బయల్దేరి వేళ్ల మొదళ్ల దాకా పరుచుకున్న మందపాటి పట్టీ అది. ప్లాంటార్ ఫేసియా అంటారు. విల్లుకు కట్టిన నారిలాగా పాదం వంపును అదే నిలబెడుతుంది. బొటనవేలిని చేత్తో పైకి వంచి, రెండో చేత్తో అరికాలు తడిమి చూడు, బిగిసి తగులుతుంది. నడకలో మడమ లేచి వేళ్లు వంగిన ప్రతిసారీ అది అలాగే బిగుసుకుని పాదాన్ని గట్టిపరుస్తుంది. ఆ లాగుడంతా మడమ దగ్గర అతుక్కున్న చోట పడుతుంది. భారం ఒక్కసారిగా పెరిగి, కోలుకునే వ్యవధి దొరక్కపోతే అక్కడి పీచు దెబ్బతింటుంది. నెలల తరబడి ఉన్న నొప్పిలో అక్కడ వాపు కంటే పీచు అరిగి బలహీనపడటమే ఎక్కువ. నొప్పి మాత్రలు వేసుకుంటే కాసేపు హాయిగా ఉండి మళ్లీ మొదటికి రావడం అందుకే. వాటిని వారాల తరబడి మింగకు, కడుపుకీ కిడ్నీలకీ మంచిది కాదు.

పొద్దున మంచం దిగగానే ప్రాణం పోయినట్టు ఉంటోందన్నావు. రాత్రంతా పాదం కిందికి వాలి ఉంటుంది, పట్టీ కుంచించుకుని ఉంటుంది. లేవగానే ఒంటి బరువంతా పడేసరికి ఒక్కసారిగా సాగాల్సి వస్తుంది. నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది. ఎక్కువసేపు కూర్చుని లేచినా అంతే. పొద్దున నొప్పి ఎక్కువగా ఉందంటే రాత్రికి రాత్రి ఏదో తెగిపోయిందని కాదు తల్లీ, అది ఈ జబ్బు తీరు.

బరువు తగ్గితే అదే పోతుందని ఎవరో అన్నారని రాశావు. ఆ మాట నిన్ను ఎంత నొప్పించిందో తెలుస్తూనే ఉంది. బరువు ఒక కారణమే, కాదనను. కానీ సన్నగా ఉండే పరుగు పందేల వాళ్లకీ ఇది బాగా వస్తుంది. పిక్కలు బిగుసుకుపోయినవాళ్లకి, పాదం చదునుగా ఉన్నవాళ్లకి, వంపు మరీ ఎక్కువున్నవాళ్లకి కూడా వస్తుంది. నీ విషయంలో నాకు కనిపించేది వేరు. కొత్త ఉద్యోగంలో గట్టి నేల మీద రోజంతా నిలబడుతున్నావు, అదే నెలలో పరుగు కూడా మొదలుపెట్టావు. పాదానికి అలవాటు పడే సమయం చిక్కలేదు. ఇందులో నీ తప్పేమీ లేదు.

ఇక చేయాల్సింది. మంచం దిగకముందే కూర్చుని, నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకో. వేళ్లను చేత్తో పట్టుకుని ముంగాలి వైపు వంచు, అరికాలు సాగినట్టు తెలియాలి. 10 సెకన్లు పట్టి ఉంచి వదులు. అలా 10 సార్లు, రోజుకు 3 విడతలు. మొదటి విడత మాత్రం నేల మీద కాలు పెట్టకముందే అయిపోవాలి, అదే ముఖ్యం. గోడకు చేతులు ఆనించి, ఆ కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించి పిక్కను సాగదీయడం కూడా దీనికి జత చెయ్యి.

సాగదీస్తే సరిపోదు, బలం కూడా రావాలి. నాకు అసలు మార్పు తెలిసింది దీంతోనే. చిన్న మెట్టు అంచున నిలబడి, టవల్ చుట్టి వేళ్ల కింద పెట్టుకుని, గోడ పట్టుకుని మడమలు నెమ్మదిగా పైకి ఎత్తాలి. లేవడానికి 3 సెకన్లు, పైన 2 సెకన్లు, దిగడానికి 3 సెకన్లు. టవల్ వల్ల వేళ్లు పైకి వంగి ఉంటాయి కాబట్టి పని ఆ పట్టీ మీద పడుతుంది. మొదట రెండు కాళ్ల మీద చెయ్యి. అది తేలికయ్యాక ఒంటికాలి మీద, ఆ తర్వాత వీపుకు పుస్తకాలు నింపిన బ్యాగ్ తగిలించుకుని. రోజు విడిచి రోజు చాలు, మధ్యలో పీచుకి విశ్రాంతి కావాలి. డెన్మార్క్‌లో జరిగిన ఒక అధ్యయనంలో, 3 నెలలు గడిచేసరికి ఇలా బరువు మోపి చేసినవాళ్లు కేవలం సాగదీసినవాళ్ల కంటే మెరుగ్గా ఉన్నారు. ఏడాదికి రెండు జట్లూ దాదాపు ఒకేచోటికి వచ్చాయి. అంటే ఏది పట్టుకున్నా వదలకుండా చేయాలి, బరువు మోపి చేసేది కాస్త ముందు ఫలితం ఇస్తుంది. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే భయపడకు. మర్నాడు పొద్దున మామూలు కంటే ఎక్కువగా ఉంటే మాత్రం ఒక మెట్టు తగ్గించు.

పరుగు కొన్నాళ్లు ఆపు, సైకిలో ఈతో పెట్టుకో. నడక పూర్తిగా మానకు. ఇంట్లో కూడా వట్టి కాళ్లతో గట్టి నేల మీద తిరగకు, మంచం పక్కనే మెత్తటి చెప్పులు ఉంచుకో. అరిగిపోయిన బూట్లు తీసేసి, మడమ దగ్గర కాస్త ఎత్తు, మెత్తదనం ఉన్నవి తీసుకో. లోపల పెట్టుకునే ఇన్‌సోల్స్ రెడీమేడ్‌వి చాలు, కొలతలిచ్చి చేయించుకున్నవి అంతకంటే పెద్దగా మేలు చేస్తాయని నేను అనుకోను. సాయంత్రం గడ్డకట్టిన నీళ్ల సీసాని అరికాలి కింద దొర్లిస్తే ప్రాణం లేచొస్తుంది. నయం చేయదు, కానీ ఆ ఉపశమనం కూడా కావాలి కదా.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ విషయంలో తొందరపడకు. నాకు ఒకటి ఇచ్చారు. కొన్ని వారాలు నొప్పే లేదు, తర్వాత మళ్లీ వచ్చింది. దానితో ఆ పట్టీ తెగే ప్రమాదం, మడమ కింది కొవ్వు పొర పలచబడే ప్రమాదం ఉన్నాయి. ఏమీ పనిచేయక రోజు గడవని స్థితి వస్తే డాక్టర్‌తో మాట్లాడి ఆలోచించొచ్చు. నెలలు గడిచినా తగ్గకపోతే షాక్‌వేవ్ చికిత్స ఉంది, అంటే యంత్రంతో చర్మం పైనుంచే మడమలోకి ధ్వని తరంగాలు పంపడం. ఆపరేషన్ దాకా వెళ్లేవాళ్లు చాలా తక్కువ.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఇది వేరే జబ్బేమో చూపించుకోవాలి. అరికాల్లో తిమ్మిరి, మంట ఉన్నా, పడుకుని ఉన్నప్పుడూ నొప్పి వదలకపోయినా, మడమను రెండు పక్కల నుంచి నొక్కితే విపరీతంగా నొప్పి పుట్టినా, వాపుతో జ్వరం వచ్చినా ఆగొద్దు. పొద్దున నడుము కూడా చాలాసేపు పట్టేసి ఉంటే ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పు.

ఇది నెలలతో తేలే వ్యవహారం. ఎక్కువమందికి ఏడాది లోపు తగ్గిపోతుంది, కానీ తిన్నగా తగ్గదు. రెండు వారాలు బాగుండి, ఒకరోజు ఎక్కువ నిలబడితే మళ్లీ వస్తుంది. నన్ను ఎక్కువ కుంగదీసింది ఆ రోజులే. కట్టు ఉండదు, కుంటు బయటికి కనపడదు, కాబట్టి ఎవరికీ అర్థం కాదు. ఆఫీసులో నోరు తెరిచి కుర్చీ అడుగు. మొహమాటపడి ఓర్చుకుంటే ఎవరికీ లాభం లేదు. నొప్పిని రోజూ లెక్కపెట్టుకోకు, నెల కిందట ఎంతసేపు నిలబడగలిగావో, ఇప్పుడు ఎంతసేపు నిలబడుతున్నావో చూసుకో. చిరాకేసినప్పుడు నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

ఫిజియోథెరపిస్ట్‌ని ఈ వారంలోనే కలువు. ఆ మడమలు ఎత్తే వ్యాయామం వాళ్ల ముందే ఒకసారి చేసి చూపించి, టవల్ ఎంత మందంగా చుట్టాలో, ఎన్నిసార్లతో మొదలుపెట్టమన్నారో నాకు రాయి.

ప్రేమతో,
నాన్న