కుందేలు కంటికి మార్కులు

స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు
ఆదివారం రాత్రి

రేయ్ జామకాయ్,

జవాబు రాయలేదని పళ్ళు కొరుకుతుంటావని తెలుసు. కొరుక్కో, పడతా. పెద్దదానికి సంబంధం కుదిరినప్పటి నుంచి ఈ ఇంట్లో కూర్చుని నాలుగు ముక్కలు రాసుకునే చోటు లేదు. మంచాల మీద చీరలు, కుర్చీల మీద చుట్టాలు. ఇప్పుడు కూడా వంటింటి గడప మీద కూర్చుని రాస్తుండా, అక్షరాలు వంకర పోతే నన్ననొద్దు.

మామూలు కబుర్లు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాళ్ళు అట్టనే ఉండాయి. మైపాడు గుంటలో ఈసారి తెల్లమచ్చ తెగులు తగల్లేదు, రొయ్య బాగానే పెరిగింది, రేటే నాశనం. గుండుసూది మాస్టారు కనపడితే నిన్నే అడిగాడు. గొడుగు సంగతి నేను చెప్పలేదు, ఒట్టు. అబ్బాయి వాళ్ళది కావలి, పద్ధతైన మనుషులు. అయిపోయాయి.

అసలు సంగతికొస్తా. ఫోనులో చెబుదామనుకున్నా గానీ మధ్యలో నువ్వు నవ్వి చెడగొడతావు. మా మామ మద్రాసులో ఏం ఉద్యోగం చేశాడో నీకు తెలుసా? "కంపెనీలో పని" అని గదా మనందరికీ తెలిసింది. శనివారం సాయంత్రం రైలుకు రావడం, సోమవారం తెల్లారి రైలుకు పోవడం, వచ్చేటప్పుడు షాంపూ సీసాలు తేవడం. నా పెళ్ళిలో విడిదింట్లో పెట్టిన సీసాలు గుర్తుండాయా? రసనా అనుకుని నువ్వు మూత తీసినవి. అవే. ఆ సీసాల వెనక కథ పోయిన ఆదివారం అన్నం పళ్ళేల ముందు బయటికొచ్చింది.

ఎట్టొచ్చిందంటే, నిశ్చితార్థానికి ముందు ట్రయల్ మేకప్ అని ఒకటుంటుందట. చెన్నై నుంచి ఒకమ్మాయి పెద్ద పెట్టె తెచ్చుకుని వచ్చింది. ముందు పెద్దదాని చెవి వెనక ఏదో చుక్క పెట్టి, దురద పుడితే చెప్పమంది. ఆ తర్వాత రేటు చెప్పింది. మా ఆవిడ గుండె పట్టుకునింది. "రంగు పూసేదానికి ఇంతా!" అంటే ఆ పిల్ల సీసా తిప్పి దాని మీద గెంతే కుందేలు బొమ్మ చూపించింది. "జంతువుల మీద పరీక్ష చెయ్యని సరుకు ఆంటీ, అందుకే కాస్త రేటు జాస్తి."

మా చిన్నది ఊరుకుంటుందా? బీఫార్మసీలో చేరినప్పటి నుంచి అది ఇంట్లో తలనొప్పి మాత్ర కూడా ప్రశాంతంగా మింగనివ్వడం లేదు. "2014 మే నుంచి మన దేశంలో సౌందర్య సాధనాలు జంతువుల మీద పరీక్షించడమే నిషేధం. ఆ ఏడు నవంబరు నుంచి అట్టా పరీక్షించిన సరుకు దిగుమతి చేసుకోవడం కూడా నిషేధమే. ఎవురూ చెయ్యకూడని పని మీరు చెయ్యలేదని మా దగ్గర డబ్బులెందుకు తీసుకుంటారక్కా?" అనింది. ఆ పిల్ల బిక్కమొహం వేసింది. రేటు కాస్త తగ్గింది లే, ఆ మేరకు బీఫార్మసీ ఫీజు వసూలైనట్టే.

ఆ పిల్ల పోయాక అన్నాలకు కూర్చున్నాం. కొర్రమీను పులుసు, పుల్లమామిడికాయ వేసి, అత్త చేతి వంట. చిన్నది తింటానే ఉపన్యాసం మొదలుపెట్టింది. యూరప్‌లో 2013 మార్చి నుంచి జంతువుల మీద పరీక్షించిన సరుకు అమ్మకూడదట. చైనాలో మాత్రం దిగుమతయ్యే ప్రతి క్రీమునూ పరీక్షించాల్సిందేనని 2021 దాకా పట్టుబట్టారట. ఇప్పుడు మామూలు వాటికి కొన్ని షరతుల మీద వదిలేసినా, తలకేసే రంగుల లాంటి వాటికి ఆ వెసులుబాటు లేదంట. అంటే ఒకే కంపెనీ ఒక దేశంలో శుద్ధంగా ఉండి ఇంకో దేశంలో పరీక్ష చేయించుకోవచ్చు. మా పెద్దదేమో "ఒసేయ్, నా నిశ్చితార్థం ముందర ఈ కుందేళ్ళ గోలేందే" అని మొత్తుకుంటుంది.

అప్పుడు మామ అన్నాడు, "నేను పట్టుకున్నా."

ఎవరికీ అర్థం కాలేదు. మా ఆవిడ "ఏంది నాయనా నువ్వు పట్టుకునింది?" అనడిగింది.

"కుందేళ్ళని."

రేయ్, ఆయన తలకాయ ముక్క తింటా ఉండాడు. నీకు తెలుసు గదా, తలకాయ వేరేవాళ్ళ పళ్ళెంలో పడితే ఆ పూట అలుగుతాడు. కన్ను జుర్రుకుని, వేళ్ళు నాక్కుని, తీరిగ్గా చెప్పాడు. నాకు ముద్ద దిగలేదు, ఆయనకు దిగింది. అదే నన్ను ఇప్పటికీ తొలుస్తుండాది.

మందులూ షాంపూలూ రెండూ పరీక్షించే ల్యాబంట అది. మామ అటెండరు. తెల్ల కుందేళ్ళు, ఎర్ర కళ్ళవి. చెక్కపెట్టెల్లో పెట్టి, మెడ దగ్గర గుండ్రంగా కోసిన పలక బిగిస్తారు. తల బయట, ఒళ్ళు లోపల. కాలితో కన్ను రుద్దుకోకూడదు గదా. మామ చెయ్యి కడుక్కొచ్చి తన కంటి మీదే చూపించాడు, బొటనవేలితో కింద రెప్పని ముందుకు లాగితే అది దొన్నె లాగా అవుతుంది. అందులో 0.1 మిల్లీలీటరు షాంపూ వేసి, రెప్పలు రెండూ కలిపి ఒక్క క్షణం మూసి పట్టుకుని వదిలెయ్యాలి. రెండో కంట్లో ఏమీ వెయ్యరు, పోల్చుకునేదానికి ఉండాలని. మత్తూ లేదు, ఏమీ లేదు. 1 గంటకి, 24 గంటలకి, 48కి, 72కి చూడాలి. తగ్గకపోతే 21 రోజుల దాకా చూస్తానే ఉండాలి. పచ్చ రంగు మందు చుక్క వేసి నీలం దీపం కింద పెడితే పుండు పడిన చోట మెరుస్తుందట.

"మార్కులెయ్యాల," అన్నాడు. "మొత్తం నూటపది. నల్లగుడ్డు మీది అద్దం పొర మసకబారితే 80 దాకా. లోపలి రంగు వలయానికి 10. ఎరుపుకీ, వాపుకీ, నీరు కారేదానికీ కలిపి 20. సారు చూసి చెప్పేవాడు, నేను కాగితంలో రాసేవాణ్ణి. ఎన్ని మార్కులు జాస్తి వస్తే అంత ఫెయిలు."

ఇది చెప్పి నవ్వాడు రా! మేమెవ్వరం నవ్వలేదు.

చిన్నది తెల్లబోయింది. ఎందుకో తెలుసా? వాళ్ళ సిలబస్‌లో కూడా కుందేలు కంటి ప్రయోగం ఉండాదట, గానీ కంప్యూటర్లో. తెర మీద కుందేలు బొమ్మ, మందు చుక్క వేసే బొమ్మ, బటన్ నొక్కితే కంటిపాప పెద్దదవుతుంది, చిన్నదవుతుంది. రికార్డులో రాసుకుని పోవడమే. దానికి ఫుల్ మార్కులొచ్చాయి కూడా. తాతేమో నిజం కుందేలు చెవులు పట్టుకుని కూర్చున్నోడు. ఒక ఇంట్లో ఇద్దరు, ఒకటే పాఠం!

"తాతా, కుందేలే ఎందుకు?" అనడిగింది, గొంతు చిన్నది చేసుకుని. కళ్ళు పెద్దవి, అరవదు, కరవదు, మన మాదిరి గబగబా నీళ్ళు కారి మందు కొట్టుకుపోదు, అన్నాడు మామ. చిన్నది వెంటనే అందుకునింది. అదే గదా తప్పు, దానికి మనకు లేని మూడో రెప్ప ఉండాది, పొర పలచన, దాని కంట్లో మండింది మన కంట్లో అంతే మండుతుందని ఏముంది అని. మామ తలూపాడు. "సారు కూడా అట్టనే అనేవాడు. అయినా కాగితం నిండాల గదా."

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే నువ్వు మామని రాక్షసుణ్ణి చేసేస్తావు. ఆ పరీక్ష ఊరికే పుట్టలేదు. 1933 ప్రాంతంలో అమెరికాలో లాష్ లూర్ అని కనురెప్పలకేసే రంగొకటి వచ్చింది. అది వేసుకుని ఆడోళ్ళకి కళ్ళు పోయాయి, ఒకామె చచ్చిపోయింది. అందులో ఉండింది పారాఫినైలిన్ డయామిన్, ఇప్పుడు మన బార్బరు నీ తలకి నల్లగా పూసే రంగుల్లో ఉండేదే. అప్పుడు సౌందర్య సాధనాలకు అక్కడ చట్టమే లేదు. 1938లో చట్టమొచ్చింది, 1944లో డ్రేజ్ అనే ప్రభుత్వ శాస్త్రవేత్త ఈ కంటి పరీక్ష పద్ధతి రాశాడు. ఇదంతా చిన్నదే చెప్పింది, ఏడుపు మొహంతో. దానికి నిజం దాచడం రాదు, అది దానికున్న జబ్బు.

ఆ తర్వాత నీ పేరొచ్చింది. నిజం రా. నువ్వు కొడవలూరు దగ్గర మడి గట్టు మీద రక్తపింజరిని తొక్కిన రాత్రి గుర్తు చేశాడు మామ. "వాడి కాలికెక్కించిన సీసాలు యాడ నుంచి వచ్చాయమ్మీ? గుర్రానికి కొంచెం కొంచెం విషం ఎక్కించి, దాని నెత్తురులోంచి తీసిన మందు. ప్రతి బ్యాచీ ఎలుకల మీద చూసి గానీ బయటికి పంపరు. మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజరి విషాన్ని విరవాల. విరవకపోతే ఎలుక చస్తుంది. జామకాయ్‌గాడు బతికుండాడు. ఆ ఎలుకని నేను పట్టుకున్నా నాకేం బాధ లేదు." అత్త కూడా తలూపింది, ఆ రాత్రి నీకోసం మొక్కుకున్నామె ఆమే గదా.

"మరి షాంపూకి?" అనింది చిన్నది.

మామ చాలాసేపు మాట్లాడలేదు. గ్లాసులో నీళ్ళు తాగాడు. "మొదటిసారి చూస్తే సరే. కొత్త సరుకు, మనుషుల కళ్ళల్లో పడుతుంది, చూడాల్సిందే అనుకున్నా. వాళ్ళు ఏడాదికోసారి వాసన మార్చేవాళ్ళు. మల్లెపూలన్నారు, మళ్ళీ కుందేళ్ళు. గులాబీ అన్నారు, మళ్ళీ కుందేళ్ళు. లోపలి సరుకంతా పాతదే, తెలిసిందే. మల్లెపూలకేసిన మార్కులే గులాబీకీ వచ్చేవి. అప్పుడు నాకు యాష్టకొచ్చింది." అంతే అన్నాడు. జాలేసింది అనలేదు, పాపం అనలేదు. యాష్టకొచ్చింది అన్నాడు.

నాకేమో ఆ మాటలోనే మొత్తం ఉందనిపించింది. నొప్పి పెట్టడం తప్పని అందరికీ తెలుసు, నీకు మందు కావాల్సొస్తే ఆ తప్పుని మింగుతాం కూడా. మల్లెపూల వాసన కోసం మింగమంటే ఎట్టా? అప్పటికే వేల రకాల సరుకులు ఏళ్ళ తరబడి మనుషులు వాడి చూసినవి ఉండాయి, వాటితోనే కొత్త షాంపూ కలుపుకోవచ్చు గదా. చిన్నది చెప్పేదాన్నిబట్టి ఇప్పుడు కబేళాలో కోసిన పశువుల కళ్ళు తెచ్చి, ఆ పొర మసకబారుతుందా లేదా చూస్తారట. ఆపరేషన్లలో కోసి తీసేసిన మనిషి చర్మంలోంచి కణాలు పెంచి, చిన్న చిన్న బిళ్ళలు చేసి, వాటి మీద క్రీములు పూసి చూస్తారట. మామ అది విని గట్టిగా నిట్టూర్చాడు. "కబేళా మా ల్యాబు పక్క వీధే."

అట్టా ఎవరూ అనుకోలేదా అంటే, అనుకున్నోళ్ళు ఉండారు. 1980లో హెన్రీ స్పైరా అనే ఆయన న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన వేయించాడు, అందం కోసం రెవ్లాన్ అనే మేకప్ సరుకుల కంపెనీ ఎన్ని కుందేళ్ళ కళ్ళు పోగొడుతుందని అడుగుతా. ఆ కంపెనీ దిగొచ్చి, వేరే దారి వెతకమని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీకి 7,50,000 డాలర్లిచ్చింది. మామ ఉద్యోగంలో చేరింది కూడా ఆ ఏడే. అక్కడ ప్రకటన, ఇక్కడ అపాయింట్‌మెంట్ ఆర్డరు.

ఇంతలో నేను ఊహించని చోట నుంచి దెబ్బ పడింది. మా పెద్దది, అంతసేపూ ఫోను చూసుకుంటున్నది, తలెత్తి "అందం అంటే మీకందరికీ అంత అలుసేంది?" అనింది. మా వదిన కూతురికి మొహం మీద బొల్లి, నీకు తెలుసు. మచ్చలు కప్పే క్రీము రాసుకోకుండా ఆ పిల్ల గుమ్మం దాటదు. "దానికి ఆ క్రీము మల్లెపూల వాసనా, పాముకాటు మందా? చెప్పు తాతా." మామ దగ్గర జవాబు లేదు. చిన్నదాని దగ్గరా లేదు, "కప్పే రంగులు పాతవే, కొత్త పరీక్షలు అక్కర్లేదు" అని గొణిగింది, గానీ అది అడిగిన ప్రశ్నకి అది జవాబు కాదు గదా. కంటి మంటా ఒంటి దురదా అయితే గాజు పళ్ళెంలో తేలుస్తారు, ఏళ్ళ తరబడి రాసుకుంటే కడుపులో బిడ్డకేమవుతుంది లాంటివి జంతువు లేకుండా పూర్తిగా తేల్చడం ఇంకా రాలేదని కూడా తనే ఒప్పుకునింది. నేనేమో నిషేధం మంచిదే అనే అంటా. కొత్త రసాయనం కావాలంటే, తేల్చే దారి దొరికిందాకా ఆగితే కొంపలేం మునుగుతాయి? అట్టా అంటే పెద్దది "నీకు బట్టతల నాన్నా, నువ్వు మాట్లాడొద్దు" అనింది. అందరూ నవ్వారు, నా పరువు పోయి ఇల్లు తేలికపడింది.

మన చిన్నబజారులో అమ్మే తెల్లబడే క్రీముల సంగతి ఇంకోటి. తయారు చేసినోడి పేరుండదు, కుందేలు బొమ్మా ఉండదు. 2023లో కేరళ మలప్పురంలో అట్టాంటివి రాసుకున్నోళ్ళకి కిడ్నీలు దెబ్బతిన్నాయి, వాటిల్లో పాదరసమని తేలింది. మామ ఆ మాట విని "అంటే ఇప్పుడు పలకలో తల పెట్టేది మన పిల్లలే" అని... సరే, అది పెద్ద కథ, దాని మీద నాకు కోపం జాస్తి, రాస్తే తెల్లారుద్ది.

రాత్రి చిన్నది తాత పక్కన కూర్చుని ఏదో అడుగుతా ఉండింది. ఎందుకు మానలేదు తాతా అని అడిగిందేమో తెలీదు. ఆయన చెప్పిన జవాబు మాత్రం నా చెవిన పడింది, "మీ అమ్మ నర్సింగు ఫీజు." మా ఆవిడ వంటింట్లో గిన్నెలు తోముతుండాది, వినిందో లేదో నేనడగలేదు. నువ్వూ అడగబాక.

ఇంకోటి రా, మద్రాసులో ఆయన చివరి రోజున ల్యాబులో... ఆగు, షామియానా వాడు గేటు దగ్గర అరుస్తుండాడు, ఈ రాత్రికే కర్రలు దింపి పోతాడంట. పంతులుగారి లిస్టు కూడా ఇంకా రాయలేదు. మిగతాది నువ్వొచ్చాక చెబుతా. శుక్రవారం రాత్రికల్లా దిగకపోతే గొడుగు సంగతి మాస్టారికి చెప్పేస్తా.

నీ
బొంగరం