లేజర్ స్క్రూ తిప్పేసి రిపేరు అయిపోయిందంటే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

సీడీలు, డీవీడీలు ఇంకా ఎవరు వాడుతున్నారని అడిగేవాళ్లు తిరుపతి కొర్లగుంటలో నా రిపేరు బల్ల చూస్తే ఆ మాట అనరు. సంగీతం నేర్చుకునే పిల్లల ఇళ్ల నుంచి, భజన మందిరాల నుంచి, పెళ్లి వీడియోకి ఆ ఒక్క డీవీడీ తప్ప వేరే కాపీ లేని కుటుంబాల నుంచి ప్లేయర్లు వస్తూనే ఉన్నాయి. బాధేమిటంటే, వాటిలో చాలా సెట్లకు ఎవరో ముందే లేజర్ స్క్రూ తిప్పేసి ఉంటారు.

కస్టమర్లు 'లెన్స్ పోయింది' అంటుంటారు కదా, ఆ లెన్స్, లేజర్ కలిసి ఉండే పికప్ అనే భాగం మీద చిన్న ప్రీసెట్, అంటే తిప్పి సర్దే స్క్రూ, ఒకటి ఉంటుంది. లేజర్ వెలుగునిచ్చే డయోడ్‌కి ఎంత కరెంటు వెళ్లాలో నిర్ణయించేది అదే. దాన్ని కొంచెం తిప్పితే వెలుగు పెరిగి, అంతవరకూ మొరాయించిన డిస్క్ ఆడుతుంది, కస్టమరు సంతోషంగా డబ్బిచ్చి వెళ్తాడు. కానీ అది ముసలి ఎద్దును ములుగర్రతో పొడిచి నడిపించడమే. కరెంటు ఎక్కువైన డయోడ్ వేడెక్కి త్వరగా అరిగిపోతుంది, హద్దు దాటితే లేజర్‌గా పనిచేయడం మానేసి మామూలు ఎల్ఈడీలా మినుకుమంటుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా లాభం లేదు.

అసలు చాలాసార్లు తప్పు లేజర్‌ది కాదు. పూజగది పక్కనే ప్లేయర్ పెట్టుకునే ఇళ్లలో అగరుబత్తి, కర్పూరం పొగ లెన్స్ మీద సన్నటి పొరలా పేరుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్ బడ్‌తో మెల్లగా తుడిస్తే చాలు, మళ్లీ పాడుతుంది. థిన్నర్ మాత్రం వాడకూడదు, ప్లాస్టిక్ లెన్స్ పాడవుతుంది. పికప్ జరిగే పట్టాల మీద గ్రీజు గట్టిపడినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి.

లేజర్ నీరసించిందో లేదో తెలుసుకోవడానికి గుర్తులున్నాయి. కంపెనీలో ముద్రించిన సీడీ దాదాపు 70 శాతం వెలుగును తిరిగి పంపుతుంది, చెరిపి మళ్లీ రాసుకునే రీరైటబుల్ సీడీ 15 నుంచి 25 శాతమే పంపుతుంది, అందుకే బలం తగ్గిన లేజర్ ముందు రీరైటబుల్ దగ్గర తడబడుతుంది. డీవీడీ ప్లేయర్‌లో సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650 నానోమీటర్ల లేజర్ వేరువేరుగా ఉంటాయి కాబట్టి ఒక రకం ఆడి ఇంకో రకం ఆడకపోతే ఆ రెండింటిలో ఏదో ఒకటి పోయిందని ముందుగా అనుమానించాలి.

పికప్ మార్చక తప్పకపోతే పద్ధతిగా మార్చాలి. స్టాటిక్ కరెంటు తగిలి లేజర్ చచ్చిపోకుండా కొత్త పికప్ మీద చిన్న సోల్డర్ చుక్క పెట్టి పంపుతారు. చేతికి ఎర్త్ స్ట్రాప్ కట్టుకుని, రిబ్బన్ కేబుల్ తగిలించాకే ఆ చుక్క తీయాలి. ఫ్యాక్టరీలో సెట్ చేసిన ప్రీసెట్‌ను ముట్టుకోకూడదు. పాత సోనీ పికప్‌లు చాలావాటి స్టిక్కర్ మీద చివరి మూడంకెలు ఫ్యాక్టరీలో కొలిచిన కరెంటే, 437 అని ఉంటే 43.7 మిల్లీయాంప్‌లన్నమాట. లేజర్‌కి కరెంటు ఇచ్చే దారిలోని రెసిస్టర్ మీద వోల్టేజీ కొలిచి, రెసిస్టెన్స్‌తో భాగిస్తే ఇప్పుడు ఎంత లాగుతోందో తెలిసిపోతుంది. దీనికి మామూలు మల్టీమీటర్ చాలు! సిగ్నల్‌ను తెర మీద గీతల్లా చూపించే సీఆర్ఓ ఉన్నవాళ్లు, పికప్ డిస్క్ నుంచి చదివి పంపే ఆర్ఎఫ్ సిగ్నల్ కూడా చూడాలి. గీతల మధ్యలో డైమండ్ ఆకారపు ఖాళీలు స్పష్టంగా కనబడుతూ, ఎత్తు సర్వీస్ మాన్యువల్‌లో చెప్పినంత ఉండాలి, చాలా సీడీ ప్లేయర్లలో అది ఒక వోల్టుకు అటూఇటూగా ఉంటుంది. లెన్స్‌ను డిస్క్ మీద సరిగ్గా నిలిపే ఫోకస్, ట్రాకింగ్ ప్రీసెట్లు పాత బోర్డుల్లోనే ఉంటాయి, తర్వాత వచ్చిన సెట్లు డిస్క్ వేయగానే వాటంతటవే సర్దుకుంటాయి.

కంప్యూటర్ డీవీడీ రైటర్ సంగతి వేరు. దాని లేజర్ పవర్ లెక్కలు ఫ్యాక్టరీలోనే ఆ డ్రైవ్ మెమరీలో రాసేస్తారు కాబట్టి ఇంకో డ్రైవ్ పికప్ తెచ్చి బిగిస్తే సరిగ్గా కుదరదు. డ్రైవ్ మార్చుకోవడమే మేలు.

ఇంకో సంగతి భయపెడుతోంది. పనికి కొత్తగా చేరిన కుర్రాళ్లు లేజర్ వెలుగుతోందా లేదా అని లెన్స్‌లోకి కన్ను పెట్టి చూస్తున్నారు. సీడీ లేజర్ కంటికి మసక ఎరుపు చుక్కలా కనిపిస్తుంది గానీ అసలు వెలుగు మనకు కనబడని ఇన్‌ఫ్రారెడ్, రెటీనా కాలితే తిరిగి రాదు. సెల్‌ఫోన్ కెమెరాలో పక్కనుంచి చూడండి నాయనా, చాలా ఫోన్లలో తెల్లగానో ఊదాగానో కనిపిస్తుంది.

రిపేరుకి ఇచ్చేవాళ్లు పాత పికప్ తిరిగి అడిగి తీసుకోండి, కరెంటు కొలిచారా అని అడగండి. ప్లేయర్ బాగున్నప్పుడే పెళ్లి వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించుకోండి. తిరుపతి, చిత్తూరుల్లోని ఐటీఐ, పాలిటెక్నిక్ అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే: పిల్లలతో ఒక్క పికప్‌నైనా విప్పించి, కరెంటు కొలిపించి, మళ్లీ బిగించే ప్రాక్టికల్ పెట్టండి. పాత సెట్లు నా దగ్గర చాలా ఉన్నాయి, అడిగితే ఉచితంగా ఇస్తాను, పిలిస్తే వచ్చి చూపిస్తాను కూడా.

ఇట్లు,
ఒక రిపేరు మెకానిక్,
కొర్లగుంట, తిరుపతి