మా అక్క కొడుకు గుండె ఆపరేషన్‌కు తోడున్న అందరికీ కృతజ్ఞతలు

మా వాణ్ణి తిరుపతి నుంచి కడపకు తెచ్చుకున్నాం. గుండెలో రంధ్రం మూసేశారు. ఇప్పుడు అన్నం బాగా తింటున్నాడు, వాళ్ల జేజిని సతాయిస్తున్నాడు. ఫోన్లు చేసి అడిగిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

ముందుగా మా వీధి అంగన్‌వాడీ టీచరక్కకు. పిల్లోడికి పాలు తాగుతుంటేనే చెమటలు పట్టేవి. దగ్గు తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది, బరువు పెరిగేవాడు కాదు. ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఎకో (గుండె స్కానింగ్) కూడా తీయకుండా 'పెద్దయితే అదే సర్దుకుంటుంది' అన్నారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు అంగన్‌వాడీకి వచ్చిన రోజు మా అక్క పనికి పోయింది. టీచరక్కే ఇంటికొచ్చి వాణ్ణి చంకనేసుకుని పోయి చూపించింది. గుండె చప్పుడు తేడాగా ఉందని వాళ్లు కడప పెద్దాసుపత్రి రిమ్స్‌కు రాసిచ్చారు. ఎకోలో కింది గదుల మధ్య గోడకు పెద్ద రంధ్రం కనబడింది. చిన్నవైతే చాలావరకు వాటంతటవే పూడుకుపోతాయి. పెద్దదాన్ని ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి, ఆ తర్వాత ఆపరేషన్ చేయాలన్నా వీలుకాని పరిస్థితి వస్తుందని డాక్టర్ బొమ్మ గీసి చెప్పారు.

అసలు కష్టం ఇంట్లో మొదలైంది. మా అమ్మ ససేమిరా అంది. 'నేను బతికుండంగా పిల్లోని ఎదమింద కత్తి పెట్టనీయను' అని దేవుని కడప స్వామికి మొక్కుకుని కూర్చుంది. డాక్టర్ మాట, నా మాట, మా బావ మాట, ఏదీ పనిచేయలేదు.

ఆమెను ఒప్పించింది మహేష్ బాబు. నవ్వొద్దు, నిజమే. మహేష్ బాబు ఫౌండేషన్ విజయవాడలోని ఆంధ్రా హాస్పిటల్స్‌తో కలిసి పిల్లలకు గుండె ఆపరేషన్లు చేయిస్తుంది కదా. ఆపరేషన్ అయిన పిల్లల్ని ఆయన పలకరించే వీడియో ఒకటి పక్కింటి తమ్ముడు తెచ్చి చూపించాడు. మా అమ్మ హీరోను చూసింది తక్కువ, పిల్లల్ని చూసింది ఎక్కువ. 'ఆ పాప గెంతుతాందే, దానికి గూడా కోసినారా?' అని రెండుసార్లు అడిగింది. మహేష్ కొడుకు కూడా నెలలు నిండకుండా పుట్టినవాడేనని ఆ తమ్ముడు చెప్పగానే, 'కృష్ణ మనవనికి గూడా తప్పలేదా' అని నిట్టూర్చింది. ఆమె కాలం హీరో కృష్ణ మరి. ఆ రాత్రే 'ఎప్పుడు పోవల్ల తిరుపతికి?' అనింది.

మా ఆపరేషన్ చేయించింది ఆ ఫౌండేషన్ కాదు. మేమెవరమో ఆయనకు తెలియదు. నేను ఆయన అభిమానిని కూడా కాదు, అది నా స్నేహితులకు బాగా తెలుసు. అయినా ఈ కృతజ్ఞత ఆయనకు చెందాల్సిందే.

పేరున్న వాళ్లతో చెప్పించడం కొత్తేం కాదు. పిల్లల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ యునిసెఫ్ 1954లో డానీ కే అనే హాస్యనటుణ్ణి తన మొదటి గుడ్‌విల్ రాయబారిగా పెట్టుకుంది. మన దేశంలో పోలియో చుక్కలకు అమితాబ్ ప్రచారం చేశారు. 2011 జనవరి తర్వాత ఇక్కడ సహజంగా వ్యాపించే (వైల్డ్) పోలియో కేసు రాలేదు, 2014లో పోలియో లేని దేశమన్న గుర్తింపు వచ్చింది. టీవీలో ఆయన చెప్పింది విని తల్లులు తలుపు తీసి ఉంటారు. కానీ ఆ తలుపు దాకా ఎండలో చుక్కల డబ్బా మోసుకొచ్చింది మా టీచరక్క లాంటి వాళ్లే. సెలబ్రిటీలు ఇవన్నీ ఫొటోల కోసం చేస్తారనే వాళ్లతో నేను వాదించను. ఫొటో కోసమే అయినా, మా అమ్మ మనసు మారింది.

తిరుపతిలో టీటీడీ వాళ్ల శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో డాక్టర్లకు, రాత్రంతా ఐసీయూ బయట మాకు ధైర్యం చెప్పిన నర్సమ్మలకు, బియ్యం కార్డు, ఆధార్ సరిచూసి ఎన్టీఆర్ వైద్య సేవ కింద అప్రూవల్ వచ్చేదాకా వెంటపడిన కౌంటర్ తమ్ముడికి పేరుపేరునా దండాలు. మా చేతి నుంచి పోయింది చార్జీలు, భోజనాల ఖర్చే.

రక్తం కావాలన్నప్పుడు పక్కింటి తమ్ముడు గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టాడు. తిరుపతి మహేష్ అభిమానులు పొద్దున్నే వచ్చి ఇచ్చి, టీ కూడా తాగకుండా పనులకు వెళ్లిపోయారు.

సినిమా వాళ్లకు ఒక్క విన్నపం. అలాంటి వీడియోల చివర్లో ముందు ఎక్కడికి పోవాలో కూడా చెప్పండి. అంగన్‌వాడీకి పొమ్మనండి, ప్రభుత్వ ఆరోగ్య సలహా నంబరు 104కు ఫోన్ చేయమనండి. మా అమ్మ ఒప్పుకున్నాక దారి చూపే మనిషి మాకున్నాడు, అందరికీ ఉండడు. కడపలో ఎవరి పిల్లలకైనా ఇలాంటి లక్షణాలుంటే నాకు మెసేజ్ పెట్టండి, ఏ కాగితాలు కావాలో చెబుతా.

మహేష్ అభిమాన సంఘం తమ్ముళ్లకు: మీ హీరో పుట్టినరోజు ఆగస్టు 9న రక్తదాన శిబిరం పెడితే నా పేరు రాసుకోండి. ఫ్లెక్సీలో నా ఫొటో మాత్రం వేయొద్దు, మా హీరో ఫ్యాన్స్ గ్రూపులో నన్ను బతకనీయరు.