చందుర్తి, బందరు లేకుండా సర్కారు జిల్లాల కథా?

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, ఆంగ్లేయుల చేతికి ఎలా పోయాయో రాసిన వ్యాసం చదివాను. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను, తగ్గలేదు. "1766లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి అప్పగించాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అప్పటికి ఈ తీరంలో ఫ్రెంచివాళ్ల మాట చెల్లకుండా పోయి ఏడేళ్లయింది. ఆ పని కాగితం మీద జరగలేదు, చందుర్తి పొలాల్లోనూ బందరు కోట గోడల మీదా జరిగింది. ఆ రెండు పేర్లూ మీ వ్యాసంలో ఎక్కడా లేవు.

మాది గొల్లప్రోలు దగ్గర పల్లెటూరు, చందుర్తి మాకు పక్కనే. ఫ్రెంచి సేనాని బుస్సీ బొబ్బిలి మీదికి వచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఆ తర్వాతి ఏడాది ఫ్రెంచివాళ్ల పెద్ద లాలీ అతన్ని దక్షిణాదికి పిలిపించుకున్నాడు, ఇక్కడ ఫ్రెంచి సేనకు నాయకుడిగా కాన్‌ఫ్లాన్స్ మిగిలాడు. ఫ్రెంచివాళ్లంటే పడని విజయనగరం ఆనంద గజపతి రాజు కబురు పెడితే క్లైవ్ కలకత్తా నుంచి కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర రెండు సైన్యాలూ తలపడ్డాయి. ఫోర్డ్ తన గోరా పటాలాన్ని ఏపుగా పెరిగిన చేను చాటున నిలబెట్టాడు. ఫోర్డ్ వైపున ఎర్రకోట్లు వేసుకున్న మన సిపాయిలను చూసి గోరాలు వాళ్లేననుకుని ఫ్రెంచివాళ్లు వాళ్ల మీదికి ఉరికారు, చేను చాటునున్నవాళ్లు పక్కనుంచి వచ్చి పడేసరికి చెల్లాచెదురయ్యారు. కాన్‌ఫ్లాన్స్ గుర్రాలు మార్చుకుంటూ ఆ రాత్రికే రాజమండ్రి చేరాడంటే ఎంత బెదిరిపోయాడో చూడండి. ఫిరంగులు అక్కడే వదిలేసి పోయారు.

అక్కడితో అయిపోలేదు. రాజుగారు ఇస్తానన్న డబ్బు దగ్గర పేచీ వచ్చి వారాల తరబడి కాలయాపన. బందరు చేరాక జీతాలందక ఫోర్డ్ దగ్గరున్న గోరాలే తిరగబడ్డారు. ఇవతల అప్పటి నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చాడు, వెనకాల రాజమండ్రి మళ్లీ ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది. మందుగుండు రెండు రోజులకు మించి లేదని తెలిసి 1759 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ బందరులోని ఫ్రెంచివాళ్ల కోట మీదికి దాడికి దిగాడు. ఒక దళం నైరుతి వైపు, రాజుగారి మనుషులు కోటకు వచ్చే దారి మీద హడావుడి చేస్తుంటే, అసలు దళం ఈశాన్యాన చిత్తడిలో మోకాళ్ల లోతున దిగబడుతూ బురుజు ఎక్కింది. తెల్లవారేసరికి లోపలున్నవాళ్లు లొంగిపోయారు, లొంగినవాళ్లు పట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువ. సాయానికి బయల్దేరిన ఫ్రెంచి ఓడలు వారం ఆలస్యంగా వచ్చాయి. మే 14న సలాబత్ జంగ్ బందరునూ చుట్టుపక్కల జిల్లాలనూ కంపెనీకి రాసిచ్చాడు, ఫ్రెంచివాళ్లను తన రాజ్యంలో అడుగు పెట్టనివ్వనని ఒప్పుకున్నాడు. ఫ్రెంచివాళ్లు దక్షిణాదిన ఓడిపోయిన వాందివాశి యుద్ధం 1760లో. అంటే దాని కంటే ముందే ఇక్కడ లెక్క తేలిపోయింది.

మీ ఒక్కరినే అనడానికీ లేదు. మా మనవరాలు గ్రూప్స్‌కి చదువుతోంది. దాని నోట్సు తీసి చూస్తే "చందుర్తి యుద్ధం – 1758 – ఫోర్డ్, కాన్‌ఫ్లాన్స్" అని ఒకే లైను, దాని కింద ఎర్ర ఇంకుతో "ముఖ్యమైన బిట్". చందుర్తి ఎక్కడుందో తెలుసా అంటే తెలీదంది, మన ఇంటి నుంచి ఆటోలో వెళ్లొచ్చని చెబితే నమ్మలేదు. పదేళ్లు చదివించి పిల్లలకు పక్క ఊరు కూడా చెప్పలేని చదువులు ఎందుకు? పోనీ బందరు వెళ్లి చూద్దామని కోటకు పోతే, మేం తిరిగిన మేర శిథిలాలూ ముళ్లకంపా కనిపించాయిగానీ ఏ వైపు నుంచి దాడి జరిగిందో చెప్పే బోర్డు ఒక్కటీ కనపడలేదు. సంబంధిత ఆఫీసులో అడిగితే ఒకాయన ఇంకో సీటుకు పంపాడు, ఆ సీటాయన అర్జీ పెట్టమన్నాడు, అర్జీకి ఇవాళ్టికీ జవాబు లేదు. బందరులో మళ్లీ పోర్టు కడుతున్నారు, చాలా సంతోషం. ఆ ఖర్చులో రెండు రాతిపలకలకు డబ్బు దొరకదంటే నేను ఒప్పుకోను. మన సిపాయిలు ఇద్దరి పక్షానా చచ్చారు. వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు, కనీసం ఎక్కడ పడ్డారో అన్నా గుర్తుండాలి కదా!

వచ్చే ఆదివారం సవరణ వేయండి. ఏదో మూల రెండు లైన్లు కాదు, వ్యాసం వేసిన పేజీలోనే విశాఖ, చందుర్తి, రాజమండ్రి, బందరు కనపడేలా పటంతో సహా వేయండి. కావాలంటే నా దగ్గరున్న కాగితాలు పంపుతాను.

– ఒక పాత పాఠకుడు, గొల్లప్రోలు మండలం