డాబా మీద మిరప తొడిమలు

గుంటూరు, బ్రాడీపేట
2025, ఆదివారం, మధ్యాహ్నం రెండు దాటింది

ఒరేయ్ బుజ్జీ,

తిట్టుకో. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. జవాబు రెండుసార్లు మొదలుపెట్టాను. మొదటి కాగితం వెనక అమ్మ పాల లెక్క రాసేసుకుంది, రెండోది ఎటు పోయిందో నాకే తెలీదు. ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేస్తే నువ్వు మధ్యలో నవ్వి కథంతా పాడు చేస్తావు. ఇది నువ్వు నోరు మూసుకుని వినాల్సిన కథ, అందుకే కాగితం మీద పెడుతున్నా.

ముందు మామూలు కబుర్లు. అమ్మ మోకాలు అలాగే ఉంది. పాప ఇంటర్లో చేరింది, ఎంపీసీ. స్కూటర్ అమ్మేశాను. నాకు షుగరు కాస్త దిగింది. డాక్టరు మెచ్చుకున్నాడు, మా ఆవిడ మెచ్చుకోలేదు. అయిపోయాయి.

ఇక అసలు సంగతి. మా డాబా మీద ఎరువు తయారు చేస్తున్నామని కిందటిసారి రాశానా? రాయలేదేమో. ఈ ఏడాది మొదట్లో ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర అని శుభ్రత కార్యక్రమం మొదలుపెట్టారు కదా, ఆ ఊపులో మా ఇరవై ఫ్లాట్ల వాళ్ళం మీటింగు పెట్టి, తడి చెత్త బయటికి పంపకుండా మనమే ఎరువు చేసుకుందాం, దాంతో మిద్దె తోట పెంచుదాం అని తీర్మానించాం. అందరూ చప్పట్లు కొట్టారు. పని దగ్గరికి వచ్చేసరికి ముగ్గురం మిగిలాం: నేను, 203 మాష్టారు, యార్డు బాబాయ్. రెండో బెంచీ కమిటీ అని నువ్వు అనకముందే నేనే అంటున్నా.

ఆటోనగర్‌లో నాలుగు పాత నీలం డ్రమ్ములు కొన్నాం, ఒక్కోటి రెండొందల లీటర్లది. చుట్టూ డ్రిల్లుతో బెజ్జాలు పెట్టించి ఇటుకల మీద నిలబెట్టాం. కూర తొక్కలు, అరటి తొక్కలు, వాడిన పూలు ఒక వంతు వేస్తే, ఎండాకులో కొబ్బరి పీచో రెండు వంతులు వేయాలి. వారానికోసారి కలియబెట్టాలి. అంతే శాస్త్రం. ఎండాకాలం అంతా మా వీధి వేపచెట్టు పుణ్యమా అని ఆకుకి లోటు లేదు. ఏప్రిల్లో మొదటి డ్రమ్ము నిండింది. మాష్టారైతే ఆ డ్రమ్ముని చూసే చూపు... నువ్వు అప్పట్లో ఆ ఎర్ర సైకిల్ని చూసేవాడివే, అలా.

వానలు పడ్డాయి, కథ మారింది. ఎండాకు లేదు, ఉన్నదంతా తడే. గాలి ఆడక మూడో డ్రమ్ము కుళ్ళిపోయి కంపు. దానికి తోడు పురుగులు. వేలెడంత పొడవు లేవు కానీ ఒకటా రెండా, వందలు! ఒక వానరోజు మూత సందుల్లోంచి దిగి మెట్ల మీద ఊరేగింపు కట్టాయి. ఒక రకం నల్ల ఈగ పిల్లలు, మనిషికేం చెయ్యవు, చెత్తని తొందరగా తినేస్తాయి అని చదివి ఉన్నాను కాబట్టి అదే 401 గారికి చెప్పబోయాను. ఆయన చెప్పు తీశారు. పురుగుల కోసమేలే, నా కోసం కాదు. మొదటి రోజు నుంచీ ఆయన ఈ పథకానికి వ్యతిరేకం. మళ్ళీ మీటింగు పెట్టించి నెల గడువిచ్చారు: కంపు ఆగాలి, లేదా డ్రమ్ములు దిగాలి.

ఇక్కడ యార్డు బాబాయ్ రంగప్రవేశం. ఆయన మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణంలో గుమస్తా అని తెలుసుగా. "ఎండు సరుకే కదరా కావాల్సింది? తొడిమలు! కోల్డ్ స్టోరేజీల దగ్గర గుట్టలు గుట్టలు. ఊరికే ఇస్తారు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ముగ్గురికీ ఒళ్ళు పులకరించింది. గుంటూరులో పుట్టి, ఎండాకు కోసం ఏడుస్తున్న మాకు మిరప తొడిమల సంగతి ఇన్నాళ్ళూ తట్టలేదంటే సిగ్గేసింది కూడా. శనివారం రాత్రి మూడు గోతాలు ఆటోలో దిగాయి. తొడిమలే కాదు, అడుగున తాలు కాయల ముక్కలు, గింజలు, ఎర్రటి పొడి. బాబాయ్‌కి ముప్పై ఏళ్ళుగా ఆ వాసన అలవాటు, ఆయన ముక్కు ఎప్పుడో రిటైరైంది. మాకైనా ఉండాలి కదా బుద్ధి!

ఆదివారం పొద్దున ఆరున్నర. ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఈ మేలో యోగాంధ్ర అని నెల రోజులు ఊరూవాడా యోగా చేయించారు గదా, అప్పుడు మొదలైన క్లాసు మా డాబా మీద ఇంకా నడుస్తోంది. తూర్పు మూల చాపలేసుకుని పదిహేను మంది ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు. ముందు వరసలో 401 గారు. డ్రమ్ములు పడమటి మూల. ఆషాఢం గాలి ఎటు నుంచి వీస్తుందో నీకు నేను చెప్పాలా?

చూడు, మేం చూసుకోలేదు. ఒట్టు. మాష్టారు మూత తీశారు, నేను గోతాం మూతి విప్పాను, బాబాయ్ "ఏసెయ్" అన్నాడు. సరిగ్గా అప్పుడే అవతల యోగా టీచరమ్మ అంటోంది: "అందరూ నిండుగా గాలి పీల్చండి... ఇంకా... ఇంకా..."

గోతాం తిరగేశాను.

మొదట ఏమీ కాలేదు. ఎర్రటి పొగ లాంటిది డ్రమ్ము మీంచి లేచి, ఏదో తీరుబడిగా షికారుకి వెళ్తున్నట్టు తూర్పుకి సాగింది. తర్వాత 401 గారు ఒక్క తుమ్ము. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో! పందొమ్మిది మంది ఒకేసారి దగ్గుతుంటే వినాలిరా. టీచరమ్మ "వదలండి, వదలండి" అంటూనే మెట్ల వైపు పరుగు. ఎదురు బిల్డింగువాళ్ళు గ్యాస్ లీకయిందని కేకలు. కింద ఎవరో తెలివిగలవాడు కరెంటు మెయిన్ ఆపేశాడు, లిఫ్టులో పాలబ్బాయి ఇరుక్కున్నాడు. నేను కళ్ళు నులుముకున్నాను, ఏ చేత్తో తెలుసా, అదే చేత్తో. నీళ్ళు కొట్టుకుంటే ఇంకా మండింది. ఆ ఘాటు నీళ్ళకి లొంగదటరా, నూనెకి లొంగుతుంది. బాబాయ్ నా చేతులకి కొబ్బరినూనె పట్టించి, సబ్బుతో రెండుసార్లు కడిగించాడు. కళ్ళు మాత్రం ఓపిగ్గా నీళ్ళతో కడుగుతూ కూర్చోవడమే. మా ఆవిడ చెంబు చేతిలో పట్టుకుని అన్న మాట ఇక్కడ రాయను. కోటప్పకొండ లాంతరు రోజున మీ నాన్నగారు అన్నదే, కాస్త అటూ ఇటూగా.

నవ్వావా? సరే. ఇప్పుడు నవ్వు ఆపు.

డాబా అంతా ఖాళీ అయ్యాక, వాచ్‌మన్ భార్య పైకి వచ్చింది. కొంగు మూతికి కట్టుకుంది, చేటా చీపురూ తీసుకుని ఒలికిందంతా ఎత్తుతోంది. దగ్గదు, తుమ్మదు. సీజన్‌లో ఆమె కోల్డ్ స్టోరేజీకి తొడిమలు తీయడానికి వెళ్తుంది, కిలోకి ఇంతని కూలి. "నీళ్ళు చల్లి పోయాల బాబూ. పొడిగా పోస్తే ఎగరదా మరి?" అంది. మా పురాణం అంతా ఆ ఒక్క ముక్కలో తేలిపోయింది. ఈ ఘాటులో ఎలా నిలబడ్డావమ్మా అని అడిగాను. "మాకు రోజూ ఇదేగా" అంది, చీపురు ఆపకుండా. మేం రెండు నిమిషాలకే గగ్గోలు పెట్టాం. వాళ్ళు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఆ దుమ్ములోనే... సరేలే. బాబాయ్ కూడా ఆ పూట మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళు యార్డులో ఉన్నవాడు.

తర్వాత ఆమె చెప్పినట్టే చేశాం. తొడిమలు నీళ్ళతో తడిపి, పిండి, పొరలు పొరలుగా వేశాం. మూడో రోజుకి కంపు లేదు. ఇనుప ఊచ డ్రమ్ములో గుచ్చి కాసేపాగి తీస్తే చెయ్యి పెట్టలేనంత వేడి, అంటే లోపల పని నడుస్తోందన్నమాట.

అన్నట్టు, ఆదివారాలు మా గేటు దగ్గరికి ఒకామె కూరగాయలు తెస్తుంది. పురుగుమందు కొట్టకుండా, ప్రకృతి వ్యవసాయం అంటారే, ఆ పద్ధతిలో పండించినవి. వంకాయలో పుచ్చు ఉంటే మా వాళ్ళు గొణుగుతారు. "పురుగు తిన్నదంటే మీరూ తినొచ్చని" అంటుంది. ఆ పద్ధతి నడిపించే రైతు సాధికార సంస్థ ఆఫీసు మన గుంటూరులోనే ఉందిరా. 2024లో పోర్చుగల్ వాళ్ళ గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది ఈ పనికి. ఆ ముక్క ఆమే చెప్పింది, మా ఇంటర్ పిల్లకి కూడా తెలీదు. మొక్కలకి బలానికి పోసే జీవామృతం కొలతలన్నీ ఆమెకి నోటికొచ్చు: రెండొందల లీటర్ల నీళ్ళకి పది కిలోల పేడ, అయిదు నుంచి పది లీటర్ల ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, నీడన రెండు రోజులు. నేను ఇంట్లో రెండు కిలోల శనగపిండి అడిగాను. ఎందుకని అడిగితే నిజం చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

ఆ ఆదివారం ఆమె వచ్చేసరికి అందరి కళ్ళూ దొండపళ్ళు. సంగతి విని బుట్ట దించి మరీ నవ్వింది. వాళ్ళ పద్ధతిలో పురుగుకి కొట్టే కషాయం ఒకటుంది, మూత్రంలో మిరపకాయలు, వెల్లుల్లి, పొగాకు, వేపాకు వేసి కాస్తారు. దాని పేరు అగ్ని అస్త్రం. "మేం పురుగు మీద కొట్టేది మీరు మనుషుల మీద కొట్టారా అయ్యా!" అంది. అప్పటి నుంచి బిల్డింగులో నా పేరు అగ్ని అస్త్రం. పిల్లలు మెట్ల మీద కనిపిస్తే ముక్కు మూసుకుంటున్నారు.

401 గారి సంగతి చెప్పలేదు కదూ. రెండు రోజులు తలుపు తీయలేదు. మూడో రోజు నేనే వెళ్ళి క్షమాపణ చెప్పాను. లోపలికి రమ్మన్నారు, కొర్రల ఉప్మా పెట్టారు, ఒక్క మాట అనలేదు. ఆ మౌనం భరించలేక రెండోసారి కూడా వడ్డించుకున్నాను. వచ్చేటప్పుడు గుమ్మంలో అన్నారు: "ఇరవై ఏళ్ళుగా సైనస్. ఆ రోజు నుంచి ముక్కు తెరుచుకుంది." వెక్కిరింతో నిజమో ఇప్పటికీ తెలీదురా. ఆ మొహంలో ఏమీ తెలియదు, మన లెక్కల మేష్టారి మొహమే అనుకో. కానీ నెల గడువు గడిచి వారమైంది, డ్రమ్ములు దింపమని ఎవరూ అడగలేదు.

తొడిమల డ్రమ్ముకి ఇంకో రెండు నెలలు పడుతుంది. ఏప్రిల్లో నిండిందే, అది మాత్రం తయారైంది. నిన్న మూత తీసి చూశాం. నల్లగా, పొడిపొడిగా, చేతిలోకి తీసుకుంటే తొలకరి మట్టి వాసన. కూర తొక్కేదో పువ్వేదో ఆనవాలు లేదు, ఒక్క మామిడి టెంక తప్ప. ఎవరింటిదో గానీ, మొత్తం నాలుగు నెలలు చెక్కుచెదరకుండా

ఇదిగో, పైనుంచి మాష్టారు కేకేస్తున్నారు. జల్లెడ పట్టాలట, మబ్బు పడుతోంది. నీ పచ్చడి జాడీ సంగతి, మీ అక్కయ్య పెళ్ళి ఫొటోల సంగతి ఈసారి తప్పకుండా రాస్తాను. ఆ ఎర్ర సైకిల్ ఈ మధ్య ఎక్కడ కనిపించిందో తెలుసా? కొరిటిపాడులో, దాని మీద ఎవరున్నారంటే... వస్తున్నా మాష్టారూ!

నీ
అగ్ని అస్త్రం