స్కానింగ్ యంత్రం ఉంది, రంగు మందు లేదు

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో స్కానింగులో రక్తనాళాలు స్పష్టంగా కనబడేందుకు ముందు ఎక్కించే రంగు మందు గురించి వచ్చిన కథనం చదివాను. అప్పుడే రాయాలనుకున్నాను గాని, మా బావగారిని ఆసుపత్రికి తిప్పే పనిలో కుదరలేదు. ముందుగా ఒక మాట. అనూరిజం అంటే మెదడులో గడ్డ అని రాశారు. గడ్డ కాదు, కణితి అసలే కాదు. రక్తనాళం గోడ బలహీనపడిన చోట పాత సైకిల్ ట్యూబులా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు చిట్లితే మెదడు చుట్టూ రక్తం చేరుతుంది. ఏళ్ల తరబడి సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణి, ఇలాంటివి కనబడితే చెయ్యి ఎర్ర పెన్ను వెతుక్కుంటుంది.

ఇక అసలు సంగతి. ఆ మందు ఎక్కితే కిడ్నీలు పోతాయన్న ధోరణిలో సాగిన మీ కథనం మా వీధిలో ఎంత పని చేసిందంటే, పక్కింటావిడ డాక్టరు రాసిచ్చిన స్కానింగ్ చీటీని పోపుల డబ్బాలో దాచేసింది. అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నవారికి జాగ్రత్త కావాలి, నిజమే. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించేది అందుకే. కొందరికి దద్దుర్లు వస్తాయి, అరుదుగా ప్రాణం మీదికి వచ్చే రియాక్షనూ ఉంటుంది. అవన్నీ రాయండి. ఆ మందు దొరకకపోతే ఏమవుతుందో మాత్రం మీకు రాయాలనిపించలేదు.

నేను చెబుతాను. సంక్రాంతి వెళ్లిన వారానికి, పరకాలలో రాత్రి అన్నం ముందు కూర్చున్న మా బావగారు తల పట్టుకుని కూలబడ్డారు. నెత్తిన సమ్మెటతో మోదినట్టుందని అక్కతో అన్నారట. వరంగల్‌లో ఒక ఆసుపత్రికి తెచ్చాం, పేరు రాయను. మామూలు సీటీ తీసి, మెదడు చుట్టూ రక్తం ఉందన్నారు. అది ఏ నాళం నుంచి వచ్చిందో తేలాలంటే సీటీ యాంజియో, అంటే రక్తనాళాలను చూపించే స్కాన్, తీయాలి. అందుకు అయోడిన్ ఉన్న రంగు మందు కావాలి. ఎక్స్‌రేలను అయోడిన్ అడ్డుకుంటుంది కాబట్టే నాళాలు తెల్లగా కనబడతాయి. యంత్రం ఉంది, తీసేవాళ్లున్నారు, మందు లేదు. బయట తెచ్చుకోండి అని అక్క చేతిలో చీటీ పెట్టారు. అప్పుడు రాత్రి పదకొండున్నర. తెరిచి ఉన్న మందుల దుకాణాలన్నీ తిరిగాను. ఒకచోట మందు లేదు గాని పాఠం దొరికింది: చేపలు పడనివాళ్లకు అయోడిన్ పడదట! చేపలు పడకపోవడానికి కారణం వాటిలోని ప్రొటీన్లు, అయోడిన్ కాదు. అర్ధరాత్రి ఆ వాదన పెట్టుకునే ఓపిక నాకెక్కడిది?

చివరికి అంబులెన్సులో హైదరాబాద్ తీసుకెళ్లాం. ఉప్పల్ చేరేసరికి నాలుగు దాటింది. ఒకసారి చిట్లిన ఉబ్బు మళ్లీ చిట్లే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువని అక్కడి డాక్టరు చెప్పినప్పుడు అక్క ముఖం చూడలేకపోయాను. తొడ దగ్గరి నాళం లోంచి సన్నని గొట్టం పంపి, ప్లాటినం తీగచుట్టలతో ఆ ఉబ్బును పూడ్చారు. మధ్యమధ్య రంగు మందు వదులుతూ, రక్తం ఇంకా లోపలికి పోతోందా అని తెర మీద చూసుకుంటారట. అంటే జబ్బు కనిపెట్టడానికే కాదు, వైద్యం చేసే చేతికీ అదే దారి చూపాలి.

ఇలాంటి మందులకు భయపడవలసిన రోజులు ఒకప్పుడు లేకపోలేదు. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ అనే పోర్చుగల్ డాక్టరు నాళాల్లోకి మందు ఎక్కించి, మెదడు నాళాలను మొదటిసారి ఎక్స్‌రేలో చూపించాడు. (ఆయనకు 1949లో నోబెల్ ఇచ్చింది దీనికి కాదు, మెదడు కోసే శస్త్రచికిత్సకు! బహుమతులిచ్చే పెద్దల తీరు అక్కడా అంతే.) తర్వాత వచ్చిన థోరోట్రాస్ట్ అనే మందులో రేడియోధార్మిక థోరియం ఉండేది. అది కాలేయంలో తిష్ఠ వేసి, దశాబ్దాల తర్వాత క్యాన్సర్లు తెచ్చింది. ఇప్పటి మందు అలాంటిది కాదు. కిడ్నీలు బాగుంటే ఒక రోజులో దాదాపు అంతా మూత్రంలో పోతుంది.

అధికారుల సంగతి అడగకండి. 2016లో మా జిల్లా వరంగల్ అర్బన్ అయింది, 2021లో హనుమకొండ అయింది. రెండుసార్లూ బోర్డులకు రంగు వేయించడానికి డబ్బు దొరికింది. రోగికి ఎక్కించే రంగుకే కొరత. మేడారం జాతరకు లక్షల మందికి ఏర్పాట్లు చేయగలిగిన యంత్రాంగానికి, అర్ధరాత్రి నాలుగు సీసాలు అలమారలో ఉంచడం చేతకాదంటే నమ్మమంటారా? యంత్రానికి రిబ్బను కోసేటప్పుడు ఫొటోలో పదిమంది ఉంటారు. మందు అయిపోయిన రోజు బాధ్యుడెవరని అడిగితే ఒక్కరూ ఉండరు. మీ విలేకరులు ఆ ఫొటోలు వేసినంత శ్రద్ధగా ఈ ప్రశ్న కూడా వేస్తే బాగుండేది.

రేషన్ దుకాణంలో నిల్వ ఎంత ఉందో బోర్డు మీద రాయమంటారు. సీటీ గది తలుపు మీద కూడా రంగు మందు సీసాలు ఎన్ని ఉన్నాయో రోజూ సుద్దముక్కతో రాయించండి. బావగారు ఇప్పుడు కర్ర పట్టుకుని వీధి చివరి దాకా నడుస్తున్నారు. మీ కథనం ఆయనే నాకు చదివి వినిపించారు. గడ్డ అన్న మాటకు సవరణ వేయమని ఆయన కూడా అడుగుతున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు, హనుమకొండ